ఫోను పెట్టేశాక చేతులు

చిరంజీవికి,

నువ్వు పంపిన డిటెక్టివ్ కథ చదివాను. లిఫ్టు దగ్గర సంభాషణ బావుంది. ఈ ఉత్తరం మాత్రం మూడో పేజీ రాయించింది. స్నేహితుడు హత్యకు గురయ్యాడని నీ డిటెక్టివ్‌కి ఫోనొస్తుంది. ఆ వెంటనే పన్నెండు వాక్యాలు అతని గుండె ఎలా పగిలిందో చెప్పావు. ఎందుకయ్యా?

అమెరికన్ డిటెక్టివ్ నవలల రచయిత డాషియల్ హామెట్ ‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1930) రెండో అధ్యాయం తీసి చూడు. రాత్రి రెండు దాటి ఐదు నిమిషాలకి ఫోను. అందులో డిటెక్టివ్ స్పేడ్. అతని భాగస్వామిని ఎవరో చంపేశారు. ఫోను పెట్టేసి స్పేడ్ సిగరెట్ చుట్టుకుంటాడు. పొగాకు కొలతగా కాగితంలో పోసి, రెండు చివర్లా సమంగా, మధ్యలో కాస్త గుంటగా పరిచి, బొటనవేళ్ళతో దొర్లించి, అంచు నాలుకతో తడిపి... పేరా అంతా ఇదే. బాధపడ్డాడా? హామెట్ చెప్పడు. నవల మొత్తంలో ఒక్కసారైనా స్పేడ్ మనసులోకి తొంగిచూడడు. పైగా చచ్చినవాడి భార్యతో స్పేడ్‌కి సంబంధం. వీడు రాయా, మనిషా అన్న అనుమానమే మనచేత చివరిదాకా చదివిస్తుంది. నీ పన్నెండు వాక్యాలు ఆ అనుమానం పీక నొక్కేశాయి.

ఇక పోలికలు. పద్నాలుగు పేజీల్లో ఇరవై ఆరు లెక్కపెట్టాను. ఇది హామెట్ బాటలోనే రాసిన రేమండ్ చాండ్లర్‌ని అనుకరించేవాళ్ళకి వచ్చే జబ్బు. ఆయన పోలికలో కథ చెప్పే డిటెక్టివ్ మార్లో వెటకారం వినిపిస్తుంది. నీ పోలికలు ఏ పాత్ర నోట పెట్టినా అతుకుతాయి, అదే వాటి లోపం. పేజీకొకటి ఉంచి మిగతావి కొట్టెయ్. వానా, టోపీ, పొగా కూడా తగ్గించు. ‘మూడ్ పెంచండి’ అనే సంపాదకుడికి కావలసింది ముఖచిత్రానికి సరిపడా సరుకు, అంతే.

నీ డిటెక్టివ్ ఫీజెంత? చాండ్లర్ ‘ది బిగ్ స్లీప్’ (1939)లో మార్లో రోజుకి 25 డాలర్లు, ఆపైన ఖర్చులు అడుగుతాడు. ‘ఫాల్కన్’లో అయితే డబ్బే సాక్ష్యం. నీ కథని నమ్మలేదు, నీ 200 డాలర్లని నమ్మాం అంటాడు స్పేడ్, కేసు తెచ్చిన అమ్మాయితో. నిజం చెప్పే మనిషైతే అంత ఇవ్వదని అతని లెక్క.

నీ ‘నేను’ ఆఖరి పేజీలో చచ్చిపోతాడు. మరి కథ చెబుతున్నదెవరు? జేమ్స్ కెయిన్ నవల ‘ది పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్’ (1934)లో కథ చెప్పే ఫ్రాంక్ మరణశిక్షకి ఎదురుచూస్తూ రాసుకున్నాడని చివర్లో తెలుస్తుంది. అక్కడ లెక్క కుదిరింది.

హంతకుడి బుర్రలోకే దూరాలనుంటే డొరొతీ హ్యూస్ ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ (1947) చదువు. పైన నేను చేసిన వాదనకి అడ్డం తిరిగే పుస్తకం, అయినా ఇష్టం. హత్య ఒక్కటీ కళ్ళెదుట జరగదు. చాండ్లర్ ‘ప్లేబ్యాక్’ (1958) కూడా చదువు, నిరాశపడటానికి. సినిమాగా తయారవకుండా మూలపడ్డ తన స్క్రిప్టునే నవల చేశాడు. అతుకులు కనిపిస్తాయి.

కలంపేరు, పత్రికల సంగతి అడిగావు. ముందు మూడో పేజీ తిరగరాయి. ఫోను పెట్టేశాక అతని చేతులు ఏం చేశాయో రాసి పంపు.