మేనేజర్ సరే అన్నాడు... టెక్సాస్‌కి మారిపోవచ్చా?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 1.6 లక్షల డాలర్లు, దాంతోపాటు ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ విడతలవారీగా ఇచ్చే షేర్లు) వస్తాయి. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి రెండేళ్లు దాటింది. నా భార్య హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది, ఉద్యోగం లేదు. పాప రెండో తరగతి చదువుతోంది. మూడేళ్లుగా నాది పూర్తిగా ఇంటి నుంచే పని. నెలకు 3,400 డాలర్లు అద్దె కడుతున్నాం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా బంధువులు, స్నేహితులు చాలామంది ఉన్నారు. టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి 9.3 శాతం, అంటే ఏడాదికి దాదాపు 15 వేల డాలర్లు మిగులుతాయని లెక్క వేసుకున్నాను. మా మేనేజర్ కూడా తనకేం అభ్యంతరం లేదన్నాడు. మా దగ్గర 1.3 లక్షల డాలర్ల పొదుపు ఉంది. అందులోంచి 20 శాతం డౌన్ పేమెంట్ కట్టి 5.2 లక్షల డాలర్ల కొత్త ఇల్లు కొనాలని ఉంది. జనవరిలో నేను వెళ్లి, బడి అయిపోయాక జూన్‌లో భార్యనీ పాపనీ తీసుకెళ్దామని ఆలోచన. వచ్చే వారం బిల్డర్‌కి అడ్వాన్స్ ఇవ్వాలి. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. బిల్డర్ల కాంట్రాక్టులు చాలావరకు బిల్డర్‌కే అనుకూలంగా ఉంటాయి. మీ వైపు నుంచి ఏదైనా ఆగిపోతే ఆ అడ్వాన్స్ వెనక్కి రావడం కష్టం. మీ విషయంలో ఆగిపోయే అవకాశం ఉన్నవి కనీసం రెండు కనిపిస్తున్నాయి. టెక్సాస్‌కి మారాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. బంధువుల మధ్య ఉండాలనుకోవడం మంచి కారణమే. కాకపోతే చివర చేయాల్సిన పని మీరు ముందు చేయబోతున్నారు.

ముందుగా మేనేజర్ మాట సంగతి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ ఆ అనుమతి ఇచ్చే అధికారం చాలా కంపెనీల్లో ఆయన చేతిలో ఉండదు. ఒక ఉద్యోగి వేరే రాష్ట్రంలో కూర్చుని పని మొదలుపెడితే కంపెనీకి ఆ రాష్ట్రంతో కొత్త సంబంధం ఏర్పడుతుంది. నిరుద్యోగ బీమా కోసం అక్కడ నమోదు చేసుకోవాలి, పేరోల్ మార్చాలి, ఒక్కోసారి కంపెనీ మీదే ఆ రాష్ట్రపు వ్యాపార పన్ను పడుతుంది. అందుకే చాలా సంస్థలు ఏయే రాష్ట్రాల నుంచి పనిచేయొచ్చో ఒక జాబితా పెట్టుకుంటాయి. మీ కంపెనీకి టెక్సాస్‌లో ఇప్పటికే ఉద్యోగులు ఉంటే పని సులువవుతుంది. ఎవరూ లేకపోతే మీ ఒక్కరి కోసం ఇదంతా చేయడానికి హెచ్ఆర్ ఒప్పుకోకపోవచ్చు.

ఒప్పుకున్నా జీతం అదే ఉంటుందన్న హామీ లేదు. బే ఏరియా జీతాలు ఇచ్చే కంపెనీల్లో కొన్ని, ఉద్యోగి ఊరు మారితే జీతాన్ని ఆ ఊరికి తగ్గట్టు మారుస్తాయి. మీకు 10 శాతం తగ్గించారనుకోండి, అది 16 వేల డాలర్లు. ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ పోగా చేతికొచ్చేదాంట్లో 11 వేలకు పైగా కోత పడుతుంది. మీరు ఆశిస్తున్న పన్ను ఆదా మొత్తం అందులోనే పోతుంది. ఎందుకంటే ఆ ఆదా మీరనుకున్నట్టు 15 వేలు కాదు.

ఆ లెక్క చూద్దాం. 2025 లెక్క ప్రకారం కాలిఫోర్నియాలో 9.3 శాతం స్లాబు జాయింట్‌గా ఫైల్ చేసే దంపతులకు దాదాపు 1.45 లక్షల డాలర్ల ట్యాక్సబుల్ ఆదాయం దాటాకే మొదలవుతుంది. దాని కింద ఉన్నదంతా 1, 2, 4, 6, 8 శాతం స్లాబుల్లో పడుతుంది. ఆర్‌ఎస్‌యూలు పక్కన పెట్టి, మీ జీతానికి స్టాండర్డ్ డిడక్షన్, క్రెడిట్లు తీసేస్తే స్టేట్ ట్యాక్స్ 6 వేల డాలర్ల చుట్టుపక్కల తేలుతుంది. మీ పే స్లిప్‌లో ఎస్‌డీఐ (రాష్ట్ర వైకల్య బీమా) అని ఇంకో కోత ఉంటుంది. 2025లో అది 1.2 శాతం. 2024 నుంచి దానికి జీతం పరిమితి కూడా లేదు. అదో 1,900. రెండూ కలిపితే 8 వేలకు కాస్త తక్కువ. మంచి మొత్తమే, కాదనను. కానీ 15 వేలు వస్తాయని నమ్మి ఇంటి ఈఎంఐ ఒప్పుకుంటే నెలనెలా లోటు కనిపిస్తుంది. నా మాట అక్కర్లేదు, మీ పోయినేడాది డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల ఫారం)లో 17వ బాక్సు, స్టేట్ రిటర్న్‌లోని మొత్తం పన్ను చూసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది హెచ్-1బి. మీ వీసా ఒక ఎల్‌సీఏ (కంపెనీ కార్మిక శాఖకి పెట్టే దరఖాస్తు) మీద ఆధారపడి ఉంది, ఆ ఎల్‌సీఏలో మీరు పనిచేసే చోటు రాసి ఉంది. అదే మెట్రో ప్రాంతంలో, రోజూ వచ్చిపోయే దూరంలో ఇల్లు మారితే కొత్త పిటిషన్ అక్కర్లేదు. ఫ్రీమాంట్ నుంచి ఫ్రిస్కో అలా కాదు. 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం ఇచ్చిన సిమియో నిర్ణయం తర్వాత ఇందులో సందేహానికి తావే లేదు. మీ కంపెనీ డాలస్ ప్రాంతానికి కొత్త ఎల్‌సీఏ తీసుకుని, మీరు అక్కడ పని మొదలుపెట్టకముందే అమెండెడ్ (సవరించిన) హెచ్-1బి పిటిషన్ ఫైల్ చేయాలి. ఎల్‌సీఏకి మామూలుగా ఏడు పనిదినాలు పడుతుంది. పిటిషన్ ఫైల్ అయితే చాలు, అప్రూవల్ వచ్చేదాకా ఆగకుండా అక్కడ పని చేయొచ్చు. ఇంటి నుంచి పని అంటే మీ ఇల్లే వర్క్‌సైట్, కాబట్టి ఎల్‌సీఏ నోటీసు ఆ ఇంట్లోనే పది రోజులు పెట్టాల్సి వస్తుంది. అధికారులు తనిఖీకి ఇంటికీ రావచ్చు. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన హెచ్-1బి నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది.

"ఇంట్లో కూర్చుని చేసే పనే కదా, ఎక్కడి నుంచి చేస్తే ఎవరికి తెలుస్తుంది?" అని మీకు చెప్పేవాళ్లు ఫ్రిస్కోలో కూడా దొరుకుతారు. దయచేసి వినకండి. పేరోల్ అడ్రస్, డ్రైవింగ్ లైసెన్స్, ట్యాక్స్ రిటర్న్, పాప బడి, అన్నీ టెక్సాస్ అంటుంటే వీసా పిటిషన్ ఒక్కటే ఫ్రీమాంట్ అంటుంది. రేపు ఎక్స్‌టెన్షన్ సమయంలోనో, వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్లినప్పుడో ఆ తేడా బయటపడితే ఎనిమిది వేల డాలర్ల ఆదా కోసం ఇన్నేళ్ల కష్టం ప్రమాదంలో పడుతుంది.

గ్రీన్ కార్డు గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న అదే. మీ పెర్మ్ (ఐ-140కి ముందు కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) కూడా ఒక ఊరికి సంబంధించినదే. శాశ్వతంగా వేరే ప్రాంతానికి మారితే కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. మీ పాత పెర్మ్‌లో ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చన్న మాట ఉందో లేదో లాయర్ చూడాలి. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, ఐ-140 ఇప్పటికే అప్రూవ్ అయింది కాబట్టి మీ ప్రయారిటీ డేట్‌కి (గ్రీన్ కార్డు క్యూలో మీ స్థానం నిర్ణయించే తేదీకి) ఈ మార్పు వల్ల ఢోకా ఉండదు. కొత్త ఐ-140కి పాత డేటే వర్తిస్తుంది. కానీ మళ్లీ పెర్మ్ అంటే ఏడాదికి పైగా పట్టే పని, దానికి కంపెనీ సిద్ధంగా ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి.

అందుకే ఈ వారం చేయాల్సింది హెచ్ఆర్‌కి ఒక ఈమెయిల్, మేనేజర్‌ని సీసీలో పెట్టి. ఫలానా తేదీ నుంచి ఫ్రిస్కో నుంచి శాశ్వతంగా పనిచేయడానికి అనుమతి ఉందా, జీతం, ఆర్‌ఎస్‌యూలు మారతాయా, అమెండ్‌మెంట్ ఎప్పుడు ఫైల్ చేస్తారు, పెర్మ్ మళ్లీ చేయాల్సి వస్తే చేస్తారా, ఆఫీసుకి రమ్మనే విధానం వస్తే నా పరిస్థితి ఏమిటి అని సూటిగా అడగండి. జవాబు రాతపూర్వకంగా రావాలి. రేపు హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు కూడా టెక్సాస్ నుంచి పనిచేయడానికి కంపెనీ ఒప్పుకుందని లెటర్ అడుగుతుంది, అప్పుడు మేనేజర్ నోటిమాట పనికిరాదు.

మీరు ముందు వెళ్లి, కుటుంబం జూన్‌లో రావడం అన్న ప్లాన్ మనసుకి బాగానే ఉంటుంది కానీ పన్నుకి మంచిది కాదు. భార్యాపిల్లలు, ఇల్లు ఫ్రీమాంట్‌లోనే ఉండగా మీరు టెక్సాస్ వాసి అయిపోయానంటే కాలిఫోర్నియా పన్ను శాఖ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. ఈ రెండూ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. అంటే మీ జీతంలో సగం మీ భార్యది. ఆవిడ కాలిఫోర్నియా వాసిగా ఉన్నన్నాళ్లూ ఆ సగం మీద కాలిఫోర్నియా పన్ను పడుతుంది. ఆరు నెలలు విడిగా ఉండి, రెండు ఇళ్ల ఖర్చు పెట్టి, పన్నులో పెద్దగా మిగుల్చుకునేది ఏమీ ఉండదు. నా సలహా, అందరూ కలిసి జూన్‌లోనే మారండి. ఏడాది మధ్యలో మారితే ఆ ఏడాదికి పార్ట్-ఇయర్ రిటర్న్ వేస్తారు, అందులో నష్టమేమీ లేదు. పైగా హెచ్ఆర్, లాయర్ల పనులకి సమయం దొరుకుతుంది.

మారాక కూడా కాలిఫోర్నియాతో లెక్క వెంటనే తెగిపోదు. అక్కడ ఉండగా ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు టెక్సాస్‌లో వెస్ట్ అయినా (మీ సొంతమైనా), గ్రాంట్ ఇచ్చిన రోజు నుంచి వెస్ట్ అయ్యే రోజు దాకా మీరు కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల నిష్పత్తిలో పన్ను కాలిఫోర్నియాకే వెళ్తుంది. నాలుగేళ్లకు వెస్ట్ అయ్యే షేర్లకు రెండేళ్లు అక్కడ పనిచేసి ఉంటే సగం అన్నమాట. కాలిఫోర్నియాలో చేసిన పనికి తర్వాత వచ్చే బోనస్ అయినా, మీటింగులకని వెళ్లి ఆఫీసులో పనిచేసిన రోజుల జీతమైనా అంతే. కాబట్టి ఇంకో రెండు మూడేళ్లు నాన్-రెసిడెంట్ రిటర్న్ వేయడానికి సిద్ధపడండి. మారిన తేదీకి ఆధారాలు, అంటే లీజు, ట్రక్కు రసీదు, బడి అడ్మిషన్ కాగితాలు దాచుకోండి. (న్యూయార్క్ ఆఫీసుకి అనుబంధంగా పనిచేసే పాఠకులకు ఒక మాట: మీ సౌకర్యం కోసం వేరే రాష్ట్రం నుంచి పనిచేస్తే ఆ జీతం మొత్తాన్నీ న్యూయార్క్ తన పన్ను కిందే లెక్కిస్తుంది. మీకు ఈ ఆదా లెక్క వర్తించదు.)

ఇప్పుడు ఇల్లు. 5.2 లక్షల్లో 20 శాతం పోగా 4.16 లక్షల లోన్. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్లనుకుంటే నెలకు 2,630 డాలర్లు. ప్రాపర్టీ ట్యాక్స్ 2 శాతం అనుకుంటే నెలకు 870 దాకా, ఇన్సూరెన్స్‌కి 300 వేసుకుంటే మొత్తం 3,800. హెచ్ఓఏ (కాలనీ సంఘం రుసుము) వేరే. ఫ్రీమాంట్‌లో ఇప్పుడు కడుతున్న అద్దె కన్నా ఇది ఎక్కువ! సొంతింట్లో ఉంటే హోమ్‌స్టెడ్ మినహాయింపు వస్తుంది, బడి పన్ను భాగానికి ఇంటి విలువలోంచి ఇప్పుడు 1.4 లక్షల డాలర్లు తీసేస్తారు. దాంతో కొంత తగ్గుతుంది, కానీ లెక్క తారుమారు కాదు. కొత్త ఇళ్ల విషయంలో ఇంకోటి గమనించండి. ఏడాది మొదట్లో ఇల్లు పూర్తి కాకపోతే మొదటి ఏడాది పన్ను చాలావరకు స్థలం విలువ మీదే వేస్తారు. మరుసటి ఏడాది మొత్తం ఇంటి మీద పడేసరికి నెలవారీ చెల్లింపు ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. బిల్డర్ చూపించే నెలవారీ అంకె ఏ విలువ మీద వేశారో అడగండి. వడగళ్ల వాన ఎక్కువ కాబట్టి అక్కడి పాలసీల్లో గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ శాతాల్లో ఉంటుంది. 4.5 లక్షల కవరేజీకి 2 శాతమంటే పైకప్పు పాడైతే మొదటి 9 వేలు మీ జేబులోంచే.

అద్దె లెక్క వేరు. అక్కడ 2,200కి అపార్ట్‌మెంట్ దొరికితే ఏడాదికి 14,400 డాలర్లు మిగులుతాయి. ఈ మార్పులో మీకు అసలు లాభం అక్కడుంది, పన్నులో వచ్చేది దాని తర్వాతే. అందుకని కనీసం ఏడాది అద్దెకుండండి. ఈలోగా అమెండ్‌మెంట్ అప్రూవ్ అవుతుంది, పెర్మ్ సంగతి తేలుతుంది, కంపెనీ ఆఫీసుకి రమ్మంటుందో లేదో తెలుస్తుంది, ఏ బడి పరిధి కావాలో మీకే అర్థమవుతుంది.

చిన్న విషయాలు కొన్ని. మీది కైజర్ హెల్త్ ప్లాన్ అయితే టెక్సాస్‌లో అది లేదు. కంపెనీ ఇంకో ప్లాన్‌కి మారే గడువు సాధారణంగా 30 రోజులే ఇస్తుంది. మధ్యలో మారితే డిడక్టిబుల్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే అవకాశం ఉంది, కాబట్టి వాయిదా వేసిన వైద్య పరీక్షలు ముందే చేయించుకోండి. అడ్రస్ మారిన పది రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్ శాఖకి అడ్రస్ మార్పు తెలిపే ఫారం) మీరూ మీ భార్యా విడివిడిగా వేయాలి. పాప పౌరురాలు కాకపోతే తనకీ వేయాలి. కార్ల రిజిస్ట్రేషన్‌కి 30 రోజులు, లైసెన్స్‌కి 90 రోజులు గడువుంటుంది. సామాను తరలించే కంపెనీకి యూఎస్‌డాట్ (ఫెడరల్ రవాణా శాఖ) నంబర్ ఉందో లేదో చూడండి. అదనపు కవరేజీ తీసుకోకుండా ప్రాథమిక బాధ్యతతో సరిపెడితే వస్తువు పాడైనప్పుడు పౌండుకి 60 సెంట్లే ఇస్తారు. 50 పౌండ్ల టీవీ పగిలితే 30 డాలర్లన్నమాట. తరలింపు ఖర్చుకి ఫెడరల్ పన్ను మినహాయింపు 2018 నుంచి లేదు. కంపెనీ ఆ ఖర్చు ఇచ్చినా జీతంలాగే పన్ను పడుతుంది.

చివరగా మీ 1.3 లక్షలు. డౌన్ పేమెంట్‌కి 1.04 లక్షలు పోయి, క్లోజింగ్ ఖర్చులు, తరలింపు కూడా అయ్యాక చేతిలో 10 వేలు మిగలడం కష్టం. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకి గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆ పరిస్థితి మంచిది కాదు. 35 వేలు అత్యవసర నిధిగా బ్యాంకు సేవింగ్స్‌లో ఉంచి, దాన్ని ఇంటి కోసం తాకకండి. మిగతాది ఆరు నెలల ట్రెజరీ బిల్లుల్లో (అమెరికా ప్రభుత్వ రుణపత్రాల్లో) పెట్టొచ్చు. వాటి వడ్డీకి స్టేట్ ట్యాక్స్ ఉండదు కాబట్టి కాలిఫోర్నియాలో ఉన్నన్నాళ్లూ అదో చిన్న లాభం. టెక్సాస్ వెళ్లాక ఆ తేడా ఉండదు, అప్పుడు బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తే అక్కడికి మార్చుకోండి.