కార్వర్ మీద నీ వ్యాసం చదివాక

నాయనా,

అమెరికా నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మీద నువ్వు రాసింది చదివాను. భాష బాగుంది. కానీ పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనే అన్నచోట ఒళ్ళు మండింది. 1884లోనే కెనడావాడు మార్సెల్లస్ ఎడ్సన్‌కి దాని మీద పేటెంట్ ఉంది. కార్వర్ అప్పటికింకా కాలేజీ గడప తొక్కలేదు. మరుసటి ఏడు కాన్సస్‌లో ఒక కాలేజీ సీటు ఇచ్చి, తీరా వెళ్ళాక నల్లవాడని తిప్పి పంపింది. దీనికి నువ్విచ్చింది అర వాక్యం. ‘మహామేధావి’ మాత్రం పేజీకోసారి.

మహామేధావి అనకు. ఆయన చేసిన పని చూపించు. 1896లో అలబామాలోని టస్కెగీలో నల్లజాతి విద్యార్థుల విద్యాసంస్థలో పాఠాలు చెప్పడానికి వెళ్ళేసరికి అక్కడ ల్యాబే లేదు. విద్యార్థులతో చెత్తకుప్పల్లో సీసాలు ఏరించి సామాను తయారుచేసుకున్నాడు. చుట్టూ ఏళ్ల తరబడి పత్తే వేసి సారం చచ్చిన నేలలు. ఎరువు కొనలేని నల్లజాతి కౌలు రైతులు. అందుకే అలసందలు, వేరుశనగ వెయ్యమన్నాడు. వాటితో నేల ఎలా కోలుకుంటుందో నువ్వు రాయనేలేదు! వేరుశనగ మొక్క ఎప్పుడైనా పీకి చూశావా? వేళ్ళకి ఆవగింజలంత బుడిపెలుంటాయి. గోటితో చిదిపితే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే బాక్టీరియా ఉండేది అందులోనే. అనంతపురం దగ్గర మా చేలో నాన్న చూపించాడు నాకు.

నా తొలి రోజుల్లో ఒక ఎడిటర్ మా ఊరి రైతు మీద నేను రాసిన వ్యాసం తిప్పి పంపాడు. ఎరువుల గోల తీసేసి స్ఫూర్తి పెట్టమన్నాడు. నేను తీయలేదు. అది ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పటికీ పత్రికలకి అదే జబ్బు. రైతు కావాలి, మట్టి మాత్రం వద్దు.

కార్వర్ మట్టి వదల్లేదు. బడికి రాలేని రైతు కోసం 1906లో గుర్రబ్బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి బడినే పొలాలకి పంపాడు. 1916లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో వేరుశనగ సాగుతో పాటు దాన్ని వండుకునే 105 పద్ధతులు చెప్పాడు. పండించినది ఇంటిల్లిపాదీ తినాలి కదా.

ఒక్కచోట నా గొంతు పూడుకుపోయింది. పసివాణ్ణీ తల్లినీ దుండగులు ఎత్తుకుపోతే పిల్లాడే దొరికాడు, తల్లి జాడ తెలియలేదు అని రాశావు. ఆమె పేరెందుకు రాయలేదు? మేరీ. ఆమెని బానిసగా అమ్మిన 1855 నాటి కాగితంలో ఆమె వయసు 13, ధర 700 డాలర్లు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి తిరగరాయి. పీనట్ బటర్ కొట్టేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు