ఆయిల్ బావిలో నీళ్లు ఆపే పాలిమర్: మా పాపను ఆ చదువుకు పంపొచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా పాప అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆయిల్ బావుల్లోకి వచ్చే నీళ్లను పాలిమర్లతో ఆపుతారట, ఆ పని నేర్చుకోవడానికి పాలిమర్ ఎమ్మెస్సీ చేస్తానంటోంది. నేను నాలుగు బోర్లు వేస్తే ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి. నీళ్లు వద్దనే బావులు కూడా ఉంటాయా? బంధువులేమో ప్లాస్టిక్ చదువెందుకు, బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉంటాయండీ. చమురు భూమిలో చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయి లాంటి రాళ్ల సందుల్లో ఉంటుంది. చాలాచోట్ల దాని కిందే ఉప్పునీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి తోడేకొద్దీ ఆ నీళ్లు పైకి ఎగదన్నుతాయి, లేదా ఏ పగులులోంచో దారి చేసుకుంటాయి. పాత బావుల్లో ఒక పీపా చమురుకు మూడు నాలుగు పీపాల నీళ్లు రావడం మామూలే. వాటిని తోడాలి, వేరు చేయాలి, శుద్ధి చేయాలి. ఖర్చంతా అక్కడే.

అందుకే పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్‌ను నీళ్లలో కలుపుతారు. గొలుసుల్లా పొడవుగా ఉండే దాని అణువులను ఒకదానికొకటి ముడివేసే క్రోమియం లవణం లాంటిదీ చేర్చి, పలుచగా ఉండగానే బావిలోకి పంపు చేస్తారు. రాయి వేడికి కొన్ని గంటల్లోనో రోజుల్లోనో అది జున్నులా గట్టిపడి నీటి దారి మూసేస్తుంది. ఇంకో రకం పాలిమర్ రాతికి అంటుకుని నీళ్లను బాగా అడ్డుకుంటుంది, చమురును మాత్రం అంతగా ఆపదు.

వినడానికి తేలికే. కానీ నీళ్లలో కాల్షియం, ఉప్పు ఎక్కువుంటే ఆ గొలుసులు ముడుచుకుపోతాయి. వేడి మరీ ఎక్కువైతే తెగిపోతాయి. ముందే గట్టిపడితే గొట్టంలోనే ఇరుక్కుంటుంది. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో సరిగా గుర్తించకపోతే చమురు దారే మూసుకుపోతుంది. అందుకని ఆ బావి నీళ్లతోనే, ఆ బావి వేడిలోనే ముందుగా ల్యాబ్‌లో పరీక్షించాలి. కెమిస్ట్రీ చదివిన పిల్లలకు చోటు ఉన్నది సరిగ్గా ఇక్కడే. మీ పాప దీన్ని తనంతట తానే కనుక్కుందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక చదువు సంగతి. మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే పాలిమర్ సైన్స్ విభాగం ఉంది. అయినా నా సలహా, ఎమ్మెస్సీ కెమిస్ట్రీలోనే చేరి ప్రాజెక్టు పాలిమర్ల మీద చేయమని. ఓఎన్జీసీ (ప్రభుత్వ చమురు సంస్థ) లాంటివి కెమిస్ట్ పోస్టులకు అడిగేది కెమిస్ట్రీలో పీజీ. డిగ్రీ పేరు వేరుగా ఉంటే దరఖాస్తు దగ్గరే చిక్కు రావచ్చు. పాలిమర్ కోర్సే కావాలని పట్టుబడితే పాత నోటిఫికేషన్లలో అర్హతలు ఒక్కో లైను చదివాకే చేర్చండి. రెండింటికీ దారి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష అని గుర్తుంచుకోండి. అనంతపురంలో జేఎన్‌టీయూ కింద ఉన్న ఆయిల్ టెక్నాలజీ సంస్థను చూసి పెట్రోలియం అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కడి ఆయిల్ అంటే వేరుశనగ నూనె లాంటి నూనెలు.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ఈ ఉద్యోగం అనంతపురంలో దొరకదు. మన రాష్ట్రంలో అయితే రాజమండ్రి, కృష్ణా-గోదావరి బేసిన్ వైపు. లేదంటే అహ్మదాబాద్‌లో ఓఎన్జీసీ రిజర్వాయర్ (భూమిలో చమురు ఉండే రాతి పొర) అధ్యయన సంస్థ ఉంది. అస్సాం కూడా కావచ్చు. రాజస్థాన్ బాడ్మేర్‌లోని మంగళా చమురు క్షేత్రంలో పాలిమర్‌ను పెద్ద ఎత్తున వాడుతున్నారు. అయితే అక్కడ పని వేరు: లోపలికి పంపే నీటిని చిక్కబరిచి, దాంతో చమురును ముందుకు నెడతారు. పాప పని ఎక్కువగా ల్యాబ్‌లోనే ఉంటుంది, అప్పుడప్పుడు బావి దగ్గరికీ వెళ్లాలి. దూరం పంపడానికి మీరు సిద్ధమేనా? పాప ఎదుటే మాట్లాడుకోండి.

పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా ఈ చదువు వృథా పోదు. పాలీఅక్రిలమైడ్‌నే మురికినీటిని తేర్చడానికీ వాడతారు. నీటి శుద్ధి, పెయింట్లు, మందుల కంపెనీల్లోనూ పాలిమర్ తెలిసినవాళ్లు కావాలి. పొలంలో తేమ నిలిపే హైడ్రోజెల్ కూడా ఈ కుటుంబానిదే. అది మీ చేనుకే పనికొస్తుంది!

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతా చేయొచ్చు. ముందు ఈ వారంలోనే పాపను వర్సిటీకి తీసుకెళ్లండి. పాలిమర్ ల్యాబ్ చూపించి, ద్రావణం చిక్కదనం కొలిచే పరికరం మీద విద్యార్థులు సొంతంగా పనిచేస్తారా, పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ చేరారు అని సీనియర్లను అడగమనండి.