మేయర్‌కీ ఇజ్రాయెల్‌కీ ఏంటి సంబంధం?

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్‌లో ఉంటాడు. 2025 మేయర్ ఎన్నికలప్పుడు పక్క ఫ్లాట్‌లోని యూదు పెద్దాయన, మేయర్ అభ్యర్థి జోహ్రాన్ మమ్దానీ పేరెత్తితేనే టెన్షన్ పడేవారట. చెత్త, రోడ్లు చూసుకునే మేయర్‌కి ఇజ్రాయెల్ గొడవెందుకండీ?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మన జీవీఎంసీలో మనం కార్పొరేటర్‌కే ఓటేస్తాం కదమ్మా, అక్కడ జనం నేరుగా మేయర్‌నే ఎన్నుకుంటారు, పైగా పోలీసు శాఖ ఆయన కిందే ఉంటుంది. అంటే యూదుల ప్రార్థనామందిరం గేటు దగ్గర కాపలా కూడా ఆయన పనే. భయమంతా అక్కడే. ఇజ్రాయెల్‌ని బహిష్కరించాలనే ఉద్యమానికి మమ్దానీ మద్దతుదారు. 'గ్లోబలైజ్ ది ఇంతిఫాదా' (ఇంతిఫాదాని ప్రపంచమంతా వ్యాపింపజేయండి) అనే నినాదాన్ని ఖండించమంటే మొదట ఖండించలేదు, తర్వాత వాడొద్దని చెబుతానన్నారు. ఇంతిఫాదా అంటే తిరుగుబాటే, కానీ పాలస్తీనీయుల ఇంతిఫాదాలో ఇజ్రాయెల్ బస్సుల్లో బాంబులు పేలిన రోజులు గుర్తున్నవాళ్లకి నిఘంటువు అర్థం చెబితే సరిపోతుందా? అలాగని యూదులంతా ఒకే మాట మీద లేరు. ఆయనకి మద్దతిచ్చిన, అప్పటి న్యూయార్క్ నగర కంట్రోలర్ (నగర లెక్కలు తనిఖీ చేసే అధికారి) బ్రాడ్ లాండర్ కూడా యూదుడే.