డేటాబేస్ అంటే ఎక్సెల్ షీట్ కాదండీ

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. డేటా మేనేజ్‌మెంట్, సోషల్ సెర్చ్‌లో రీసెర్చ్ చేస్తానంటోంది. ఎక్సెల్ షీట్ల పనికి పీహెచ్‌డీ ఎందుకండీ? ఉద్యోగం చేజారుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఎక్సెల్ మాట పక్కన పెట్టండి. మీరు ఫోన్‌లో ‘మంచి బిర్యానీ’ అని వెతికితే ఊరంతా మెచ్చిన హోటళ్లు వస్తాయి. చివరికి మీరు వెళ్లేది మాత్రం మీ బావమరిది చెప్పిన చోటికే. ఆయన మాటకున్న విలువను కంప్యూటర్‌కు నేర్పడమే సోషల్ సెర్చ్.

ఇందులో చిక్కంతా డేటా దగ్గరే వస్తుంది. మామూలు సెర్చ్‌లో, పుస్తకం చివరి పదసూచికలా, ఒక్కో మాటకు ఒక జాబితా ముందే తయారుగా ఉంటుంది. కానీ ఎవరి స్నేహితులు వాళ్లకు వేరు కాబట్టి ఎవరి జాబితా వాళ్లకు కావాలి. లక్ష మంది, వెయ్యి మాటలు అనుకున్నా పది కోట్ల జాబితాలు! 2008లో డేటాబేస్ పరిశోధకుల వీఎల్‌డీబీ సదస్సులో సిహెమ్ అమర్-యాహియా, సహ పరిశోధకులు దీనికో దారి చూపించారు. అభిరుచులు కలిసేవాళ్లను గుంపులు చేసి, గుంపుకో జాబితా పెట్టారు. ఒక్కో ఫలితం పక్కన, ఆ గుంపులో ఎవరికైనా రాగల గరిష్ఠ మార్కు (స్నేహితుల్లో ఎంతమంది దాన్ని మెచ్చారన్న లెక్క) రాసి ఉంచారు. మీరు వెతికినప్పుడు కంప్యూటర్ పైనుంచి మీ అసలు మార్కులు లెక్కేస్తూ వస్తుంది. మిగిలినవాటికి ఇంతకు మించి రాదని తేలగానే ఆగిపోతుంది. ఎక్కడ ఆగొచ్చో గణితంతో నిరూపించాలి. మీ అమ్మాయిని లాగుతున్నది బహుశా ఇదే.

చిన్న రంగమేమీ కాదు. డేటాను పట్టికలుగా అమర్చడంపై 1970లో ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ రాసిన పేపరు మీదే నేటి బ్యాంకు ఖాతాలు నడుస్తున్నాయి. 1981లో ఆయనకు కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అయితే ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘సోషల్ సెర్చ్’ అన్న పేరుకు అప్పటి ఊపు ఇప్పుడు లేదు. అదే సరుకు రికమెండేషన్ (మీకు నచ్చేవి సూచించడం), గ్రాఫ్ డేటా (ఎవరికి ఎవరితో సంబంధమన్న డేటా) పేర్లతో నడుస్తోంది. దరఖాస్తులో ఆ మాటలు కూడా రాయమనండి.

చదువుకు ఊరు దాటక్కర్లేదు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పీజీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్ బై రీసెర్చ్‌లో చేరవచ్చు. అక్కడే సెంట్రల్ యూనివర్సిటీ, కాస్త దూరంగా కందిలో ఐఐటీ ఉన్నాయి. డబ్బు సంగతి: జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. క్లాస్‌మేట్ల జీతాలతో పోలిస్తే తక్కువే. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

అందుకే ప్లేస్‌మెంట్లు మానొద్దని చెప్పండి, రీసెర్చ్ మానమని మాత్రం చెప్పొద్దు. అమీర్‌పేట కోర్సులో డేటాబేస్ వాడటం నేర్పుతారు (దాంతో ఎందరికో ఉద్యోగాలొచ్చాయి, తీసిపారేయను), దాన్ని కట్టడం నేర్పరు. ఆ పని కార్నెగీ మెలన్‌లో ఆండీ పావ్లో చెప్పే డేటాబేస్ పాఠాల్లో ఉంది, యూట్యూబ్‌లో ఉచితం. ఈ వేసవిలో అవి చూసి, స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్నాప్ సైట్‌లోని నెట్‌వర్క్ డేటా ఒకటి తీసుకుని చిన్న సెర్చ్ కట్టమనండి. అది నత్తనడక నడుస్తుంది, గ్యారంటీ. అప్పుడు పక్కన కూర్చుని ‘ఎందుకమ్మా ఇంత స్లో?’ అని అడగండి. విసుక్కుని లేచిపోతే ప్లేస్‌మెంట్లు ఉండనే ఉన్నాయి. అన్నం చల్లారేదాకా చెబుతూనే ఉంటే పీజీఈఈ ఫారం నింపించండి.