"బిజినెస్ కదా, వదిలేయండి" అనేవాళ్ళతోనే నా గొడవ

"అమెరికాలో ప్లేయర్లను ట్రేడ్ చేయడం, అంటే ఒక టీమ్ ఇంకో టీమ్‌తో మార్చుకోవడం మామూలే కదా, మరి బాస్కెట్‌బాల్ స్టార్ లూకా డాంచిచ్‌ని పంపేస్తే డాలస్ జనం స్టేడియం ముందు శవపేటిక పెట్టి మరీ ఎందుకు ఏడ్చారు? అది బిజినెస్ కదా?" అని మీరు అడిగారు.

శవపేటిక సంగతి నిజమే. మా టీమ్ డాలస్ మావరిక్స్ పాత హీరో డర్క్ నోవిట్‌స్కీ విగ్రహం దగ్గర పూలు, జెర్సీలు పెట్టారు, ఉత్తుత్తి శవపేటిక ఒకటి కూడా తెచ్చారు. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియకుండా ఈ దేశం వచ్చి, లూకా పుణ్యమా అని బాస్కెట్‌బాల్ పిచ్చి తగిలించుకున్నవాణ్ణి. కాబట్టి నా దగ్గర రెండు వైపుల వాదనా దొరకదు.

అసలు జరిగిందేంటో చూడండి. లూకాకి 25 ఏళ్ళు. వరసగా ఐదేళ్ళు ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ ఏటి మేటి ఐదుగురిలో ఉన్నాడు. 2024లో మావరిక్స్‌ని ఫైనల్స్ దాకా లాక్కెళ్ళాడు. అలాంటివాణ్ణి 2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి 11 దాటాక లాస్ ఏంజెలస్ టీమ్ లేకర్స్‌కి అప్పజెప్పేశారు. బదులుగా వచ్చింది 31 ఏళ్ళ ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒకే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్, అంటే ఆ ఏడు లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్ళలో ఒకణ్ణి మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కు. ఆ వార్త ముందుగా చెప్పిన స్పోర్ట్స్ రిపోర్టర్ షామ్స్ చరానియా అకౌంట్‌ని ఎవడో హ్యాక్ చేశాడనే అందరం అనుకున్నాం. పాపం ఆయన "ఇది నిజమే" అని ఇంకోసారి రాయాల్సి వచ్చింది. అప్పుడు మేం ఒక ఫ్రెండ్ ఇంట్లో రమ్మీ ఆడుతున్నాం. ముక్కలు పంచినవి పంచినట్టే ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

మావరిక్స్ జనరల్ మేనేజర్ నికో హారిసన్, లేకర్స్ తరఫున రాబ్ పెలింకా కాఫీ తాగుతూ మొదలుపెట్టిన బేరం అది. మిగతా టీములకు చెప్పలేదు, లూకాకీ చెప్పలేదు. సంతలో గేదెను అమ్మేవాడు కూడా నలుగురి దగ్గర ధర అడిగి చూస్తాడండీ. తర్వాత నికో తాపీగా, డిఫెన్సే టైటిళ్ళు గెలిపిస్తుందని తన నమ్మకమన్నాడు. నెలల క్రితమే ఫైనల్స్ ఆడిన టీమ్ ఇది!

మన వాళ్ళకు ఇది అర్థం కానిదేం కాదు. 2021లో సన్‌రైజర్స్ వాళ్ళు డేవిడ్ వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, చివరికి ఆటలోంచే పక్కన పెట్టారు. 2016లో కప్పు తెచ్చిపెట్టినవాడు స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపుతుంటే హైదరాబాద్‌లో ఎవరి కడుపు మండలేదు? అయినా అక్కడ ఫామ్‌లో లేడనే సాకైనా ఉంది. ఇక్కడ పిక్క పట్టేసి క్రిస్మస్ నుంచి ఆడలేదు తప్ప లూకాకి ఏ లోటూ లేదు. వెళ్ళిపోయాక మాత్రం ఒళ్ళు పెంచేశాడు, ఫిట్‌నెస్ పట్టించుకోడు అని వార్తలు మొదలయ్యాయి. పంపేస్తే పంపేశారు, వెనకనుంచి బురద చల్లడం ఎందుకు? నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది అక్కడే.

ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. డర్క్ 21 సీజన్లు ఈ ఒక్క టీమ్‌కే ఆడాడు. 2011 టైటిల్ ఆయన తెచ్చిందే. ఆయన ఆఖరి సీజనే లూకాకి మొదటి సీజన్. ఇతను కూడా ఇక్కడే రిటైరవుతాడు, పక్కన ఇంకో విగ్రహం లేస్తుంది అని ఊరు ఊరంతా ఫిక్సయిపోయింది.

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో డాలస్ వచ్చినప్పుడు నేను వెళ్ళాను. వెళ్ళొద్దనే అనుకున్నాను. టికెట్ ధర ఒకెత్తు, దాని మీద సర్వీస్ ఫీజు, ఆర్డర్ ఫీజు, చివరి పేజీలో పేరు కూడా అర్థంకాని ఇంకో ఫీజు. ఇవన్నీ ముందే కలిపి ఒక్క అంకె చూపిస్తే వీళ్ళ సొమ్మేం పోతుందో! పార్కింగ్ గురించి మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు. కానీ మా ఫ్రెండ్ కొడుకు, ఆరో క్లాసు, ఆ రాత్రి రమ్మీ బల్ల పక్కనే లూకా 77 నంబర్ జెర్సీలో ఏడ్చినవాడు, "అంకుల్, ప్లీజ్" అన్నాక ఇంక ఏం చేస్తాం.

ప్రతి సీటు మీదా ఒక టీషర్టు పెట్టారు, లూకా సొంత దేశం స్లొవేనియా భాషలో అతనికి థాంక్స్ చెబుతూ. పంపేసింది వాళ్ళే, థాంక్స్ చెప్పేదీ వాళ్ళే. మావాడు దాన్ని పాత జెర్సీ మీదే తొడుక్కున్నాడు, మోకాళ్ళ దాకా వచ్చింది. మా పక్క సీట్లో డర్క్ జెర్సీ వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చున్నారు. లైట్లు తగ్గించి లూకా పాత వీడియో వేశారు. అతను బెంచీ మీద కూర్చుని చూస్తూ చూస్తూ టవల్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి టీషర్టుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

ఆట మొదలయ్యాక అసలు విచిత్రం. అతను బాల్ వేసిన ప్రతిసారీ హాలంతా కేకలు. సగం ఆటకే 31 పాయింట్లు. కాసేపయ్యాక మావాడు నా చెయ్యి లాగి, "అంకుల్, మనం ఎవరికి చప్పట్లు కొడుతున్నాం?" అన్నాడు. నేను పక్కావిడ వైపు చూశాను. ఆవిడ "ఈ ఒక్కరోజుకి ఫర్వాలేదు బాబూ" అన్నారు. అతను ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డం లేకుండా బాల్ వేసే ఛాన్స్ వచ్చి లైన్ దగ్గర నిలబడితే ఎగస్పార్టీవాణ్ణి తికమక పెట్టాల్సిన జనం "ఫైర్ నికో! ఫైర్ నికో!" అని లయబద్ధంగా అరుస్తున్నారు, నికోని పీకేయండి అని. మన టీమ్ 112-97తో ఓడిపోయింది, లూకా 45 కొట్టాడు, జనం నవ్వుకుంటూ ఏడ్చుకుంటూ మెట్లు దిగారు. సొంత టీమ్ ఓడితే ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ అరుపులకూ ముందు ఓ కథ ఉంది. ఫిబ్రవరి 10న సాక్రమెంటోతో మ్యాచ్‌లో పెద్ద స్క్రీన్ మీద కనిపించినప్పుడు అదే మాట పెదాలు కదిపి అన్నందుకు ఒకతన్ని బయటికి పంపేశారు. మార్చిలో మా టీమ్ ఇంకో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌కి దూరమయ్యాడు. అదే నెలలో సీజన్ టికెట్ల ధర సగటున 8.61 శాతం పెంచారు. దీన్నేమంటారో మీరే చెప్పండి, నాకు గోరుచుట్టు మీద రోకటి పోటు తప్ప వేరే మాట తోచడం లేదు.

ఇక మీ "బిజినెస్ కదా" దగ్గరికి వస్తాను. ఆ మాట అనేవాళ్ళను గమనించండి, నష్టం తమ నెత్తిన పడనివాళ్ళే అంటారు. మా సర్కిల్‌లో ఒకడు పొద్దున్నే కాఫీ తాగి లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ అవ్వలేదు. ఉద్యోగం పోయిందని అప్పుడు తెలిసింది. హెచ్-1బీ మీద ఉన్నాడు, 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి. వాళ్ళ మేనేజర్ ఫోన్లో ఓదార్చిన మాట కూడా ఇదే, ఇది పర్సనల్ కాదు, బిజినెస్ అని. లూకాకి కోట్లున్నాయి, వాడికి లేవు, ఆ తేడా నాకూ తెలుసు. కానీ తన బతుకు మారిందని అందరికన్నా ఆఖరున తెలిసింది మాత్రం ఇద్దరికీ.

పైగా బిజినెస్ అంటే కొనేవాడికి వేరే కొట్టు ఉండాలి. ఎన్‌బీఏలో 30 టీములు, మాకున్నది ఒక్కటి. ఎంత చెత్తగా ఆడినా కింది డివిజన్‌కి దిగే భయం వాళ్ళకు లేదు. ఓక్లండ్ బేస్‌బాల్ ఫ్యాన్స్‌ని చూడండి. అథ్లెటిక్స్ టీమ్‌ని లాస్ వేగాస్ తరలిస్తామంటే, 2023 జూన్ 13న పనిగట్టుకుని స్టేడియం నింపారు, 27,759 మంది. టీమ్ అమ్మేయమని ఓనర్‌కి చెబుతూ టీషర్టులు వేసుకుని అరిచారు. ఆ నవంబరులోనే మిగతా ఓనర్లంతా ఏకగ్రీవంగా తరలింపుకి ఓటేశారు. జనం ఎంత మర్యాదగా, ఎంత తెలివిగా నిరసన చెప్పినా అంతే.

డాలస్‌లో మాత్రం పుకార్లే పుకార్లు. ఓనర్లయిన అడెల్సన్ కుటుంబానిది కసీనోల వ్యాపారం, టెక్సస్‌లో కసీనోలకు అనుమతి లేదు, కాబట్టి కావాలనే టీమ్‌ని చెడగొట్టి వేగాస్ పట్టుకుపోతారని ఒకటి. నేను నమ్మను. మేలో కొత్త కుర్రాళ్ళను ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీ 1.8 శాతం అవకాశంతో మాకే తగిలి, అందరి కన్నూ ఉన్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్ దొరికితే, లూకాని ఇచ్చినందుకు లీగ్ చెల్లించిన నష్టపరిహారమని ఇంకొకటి. దీన్ని మాత్రం వాట్సాప్‌లో నేనూ నాలుగు చోట్లకు ఫార్వర్డ్ చేశాను. రుజువేమీ లేదు, చదవడానికి బాగుందంతే.

చివరికి 2025 నవంబర్ 11న నికోని తీసేశారు. అంతకు ముందు రోజు రాత్రి మిల్వాకీతో మ్యాచ్‌లో కూడా అవే అరుపులు. మా బావమరిది లెక్కలవాడు. టీమ్ 3 గెలిచి 8 ఓడింది కాబట్టి తీసేశారు, మీ అరుపులకు కాదు అంటాడు. నేను ఒప్పుకోను. 8 మ్యాచ్‌లు ఏ టీమైనా ఓడుతుంది, దానికి సీజన్ మొదలైన నెల లోపే జనరల్ మేనేజర్‌ని ఇంటికి పంపినవాళ్ళను ఎంతమందిని చూశాం? తొమ్మిది నెలలు నోరు నొప్పెట్టేలా అరిచింది మేం, క్రెడిట్ మాత్రం పాయింట్ల పట్టికకా?