ఫోన్ సందేశాల వల్ల హెచ్‌ఐవీ రోగులు మందులు మానకుండా వాడతారా?

కొంతవరకు వాడతారు, కానీ సందేశానికి వచ్చిన జవాబును చూసి స్పందించే మనిషి అవతల ఉన్నప్పుడే ఆ ప్రయోజనం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు.

హెచ్‌ఐవీ చికిత్సలో రోజూ వాడే ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్) మందులు వైరస్‌ను శరీరం నుంచి తుడిచిపెట్టవు, పెరగకుండా అణచి ఉంచుతాయి. అందువల్ల మోతాదులు తరచూ తప్పితే రక్తంలో మందు స్థాయి పడిపోయి, వైరస్ మళ్లీ పెరగడమే కాక మందుకు లొంగని రకాలు పుట్టే ప్రమాదం ఉంది. మందు మానడానికి మతిమరుపు ఒక్కటే కారణం కాదు. వికారం, దారి ఖర్చులు, ఇంట్లో తెలిసిపోతుందన్న భయం వంటివి రోగి మళ్లీ ఆసుపత్రికి వచ్చేదాకా బయటపడవు.

కెన్యాలో 2007లో మొదలైన ఒక పరీక్షలో 538 మంది పాల్గొన్నారు. సగం మందికి నర్సు వారానికోసారి ‘మాంబో?’, అంటే ఎలా ఉన్నారని మాత్రమే సందేశం పంపేది. అందులో వ్యాధి ఊసు గానీ మందుల ఊసు గానీ ఉండదు కనుక ఫోన్ ఇంకొకరి చేతిలో పడినా గుట్టు బయటపడదు. బాగుంటే ‘సావా’ అని, ఇబ్బంది ఉంటే ‘షిదా’ అని రోగి 48 గంటల్లోగా జవాబివ్వాలి. ఇబ్బంది ఉందన్నవారికీ, జవాబివ్వనివారికీ నర్సు ఫోన్ చేసేది. ఏడాది తర్వాత వైరస్ అదుపులో ఉన్నవారు ఈ వర్గంలో 57 శాతం, సందేశాలు అందని వర్గంలో 48 శాతం.

ఎన్ని ఎక్కువ సందేశాలు పంపితే అంత మేలన్నది సరికాదు. కెన్యాలోనే జరిగిన మరో పరీక్షలో వారానికోసారి వచ్చిన సందేశాలు మేలు చేశాయి గానీ రోజూ వచ్చినవి చేయలేదు. దక్షిణ భారతంలో కంప్యూటర్ ద్వారా వారంవారం కాల్స్, బొమ్మల సందేశాలు పంపి చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.